నక్షత్రంలో లేని లిథియం

నక్షత్రాల్లో ఏ మూలకం ఎంత ఉందో లెక్కగట్టడం నా పని. కాజీపేట రైల్లో ఈ మాట అంటే చాలు, ఎదురు సీట్లో వాళ్లు జాతకాలు చెప్పమంటారు. ఇదివరకు ఓపిగ్గా వివరించేదాన్ని. ఇప్పుడు ఫిజిక్స్ పాఠాలు చెబుతానని ఊరుకుంటున్నాను. అదీ నిజమే.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. నక్షత్రం వెలుగును రంగులుగా విడదీస్తే మధ్యమధ్య నల్లటి గీతలు కనిపిస్తాయి. ఒక్కో మూలకానికి తనవైన చోట్లుంటాయి. గ్రాఫులో ఆ గీతలు గుంతల్లా కనిపిస్తాయి. గుంత లోతును బట్టి ఆ మూలకం ఎంతుందో లెక్క తేలుతుంది. టెలిస్కోపు దగ్గర గడిపేది నాలుగు రోజులైతే, కంప్యూటర్ ముందు మెడ నొప్పితో గడిపేది నాలుగేళ్లు.

పీహెచ్‌డీ మూడో ఏట ఒక ముసలి నక్షత్రంలో లిథియం గుంత దొరికింది. ఆ వయసుకు లిథియం ఖర్చయిపోయి ఉండాలి. దీంట్లో దండిగా ఉంది! నా కాళ్లు నేల మీద నిలవలేదు. మా గైడ్ కూడా పేపర్ రాసెయ్యమన్నారు. థీసిస్ మొత్తం దాని మీదే నిలబెట్టాను. కాశిబుగ్గలో నూలుకు రంగులద్దే మా బాపు అయితే, పేపర్ పంపకముందే వాడకట్టంతా చాటింపు వేశాడు.

పంపే ముందు ఒకసారి సరిచూసుకుందామని ఇంటికి తెచ్చుకున్నాను. బాపు గ్రాఫు మీద వేలు పెట్టాడు.

"గీ గుంత చుక్కదేనని ఎట్ల తెలుస్తది బిడ్డా? తెలిసిన చుక్కను పక్కకు వెట్టి చూసినవా?"

కొత్త రకం నూలు అద్దేటప్పుడు, తనకు బాగా తెలిసిన పాత రకం పోగు ఒకటి అదే తొట్టిలో ముంచడం బాపు అలవాటు. పాత పోగుకు కూడా రంగు తేడాగా తేలితే దోషం నూలుది కాదు, నీళ్లదని అర్థం. ఎండాకాలం బోరు నీళ్లు మారినప్పుడల్లా ఆ పోగే చెప్పేది.

"అద్దకం వేరు, ఇది వేరు. నీకు తెల్వదు బాపూ!" అని కసిరాను. అంత కోపం ఎందుకొచ్చిందంటే, నేను చూడలేదు కాబట్టి. పోల్చడానికి తెలిసిన నక్షత్రాన్ని కూడా అదే రోజు తీశాం కానీ, తొందరలో అంతకుముందు నెలలో తీసినదానితో పని కానిచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే లాప్‌టాప్ తెరిచాను. లిథియం లేదని అందరికీ తెలిసిన ఆ నక్షత్రంలోనూ అదే చోట అదే గుంత. కెమెరాలో కొత్తగా పడ్డ మచ్చ! దాన్ని సరిచేస్తే నా లిథియం మాయమైంది. గైడ్‌కు ఫోన్ చేశాను. "పంపకముందే తెలిసింది, సంతోషించు" అన్నారు. సంతోషం మాట దేవుడెరుగు, ఒళ్లు మండింది.

అంతకంటే కష్టం బాపుకు చెప్పడం. వాడకట్టులో ఆయన తల ఎత్తుకునేదెలా? పెరట్లో తడి నూలు దండెం మీద ఆరేస్తున్నాడు. లిథియం లేదని, తప్పు నాదేనని చెప్పాను. చెయ్యి ఆపకుండానే విన్నాడు.

"చుక్కయితే ఉన్నది గద?"

"ఉంది."

"మరి ఫికరెందుకు? ఉన్నదున్నట్టు రాయి. తప్పు వట్టింది నా బిడ్డేనని అందరికి నేనే చెప్త."

"పట్టింది నువ్వు బాపూ" అన్నాను. కసిరినందుకు ఏమనుకోవద్దని కూడా అనబోయాను, ఏడుపొచ్చేసింది. రంగు చేతులతో నన్ను ముట్టలేక, "ఏడ్వకు బిడ్డా, ఏడ్వకు" అంటూ బాపు అక్కడే నిలబడిపోయాడు.