క్లౌడ్ నుంచి దిగిన నా పుస్తకం

అచ్చు వేయిస్తానని మాట ఇచ్చి, నా మొదటి పుస్తకపు చేతిరాత ప్రతిని సంచిలో పెట్టుకుని ఒక స్నేహితుడు రేపల్లె రైలెక్కాడు. ముప్పై ఏళ్లయింది. ఉన్నది ఆ ఒక్క ప్రతే. మళ్లీ నా కంట పడలేదు.

అందుకే ఇప్పుడు టైపు చేస్తున్న పుస్తకాన్ని ఒక సాఫ్ట్‌వేర్‌తో క్లౌడ్‌లోకి, అంటే ఇంటర్నెట్‌లో ఎవరివో దూరపు యంత్రాల్లోకి పంపి దాచుకున్నాను. ఈ ఉదయం వైరస్ పట్టిన నా కంప్యూటర్‌ను తెనాలిలో షాపుకి తీసుకెళ్లి, "కాపీ భద్రంగా ఉంది, మొత్తం తుడిచెయ్యండి" అని ధైర్యంగా చెప్పాను.

సాయంత్రం అక్కడే కూర్చుని పుస్తకాన్ని క్లౌడ్ నుంచి దింపి తెరిచాను. ఒక్క తెలుగు అక్షరం లేదు. పేజీల నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, చుక్కలు. నాలుగేళ్ల రాత అది. ఈ వయసులో మళ్లీ రాయలేను.

"ఇదేంటయ్యా, పుస్తకం పోయిందా?" అన్నాను.

షాపు యజమాని టీ తాగుతూ తొంగి చూశాడు. "అయ్యో, తుడిచాక మీ తెలుగు ఫాంట్ ఎక్కించడం మర్చిపోయానండి మాస్టారూ. అది లేకపోతే తెలుగు అక్షరాలన్నీ ఇలా ఇంగ్లీషు గుర్తుల్లా కనిపిస్తాయి. కూర్చోండి, పడిపోయేలా ఉన్నారు. ఇంతకీ ఇన్ని డాలర్లు, చుక్కలు పెట్టి అందులో ఎవర్ని తిట్టారేంటి?"

ఫాంట్ ఎక్కించగానే పుస్తకం తెలుగులోకి వచ్చింది, తిట్లతో సహా. అయినా నమ్మకం కుదరక ఇంటికొచ్చి సీడీలోకి, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. ఇప్పుడు కాగితం మీద ప్రింటు కూడా తీస్తున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, ఇంకెక్కడ దాచాలో తెలిసినవాళ్లు చెప్పండి.

నన్నింత పిరికివాణ్ణి చేసిన, ఆనాడు రేపల్లె రైలెక్కిన ఆ ఘనుడి పేరు పాండురంగారావు.