తల తెగిన చోట ఆగిన క్యాసెట్

మా చిన్నప్పుడు... సిద్దిపేటలో మేముండే కిరాయి ఇంటి అరుగు మీద, ఒక ఆదివారం మధ్యాహ్నం, మా నాయన తమ్ముడు చిన్నాయిన టేప్ రికార్డరు పెట్టి అందరినీ పిలిచాడు. హైదరాబాదులో చదువుకుంటూ, ముగ్గురు మిత్రులతో కలిసి గిటారు పట్టినవాడాయన.

"పెండ్లి చేసుకోరా అంటే పాట చేసుకొచ్చిండు!" అని ఆయన తల్లి, మా అవ్వ, మూతి తిప్పింది.

"ఒక్క పాట కాదే అవ్వా... క్యాసెట్ మొత్తం ఒక్కటే కథ. ప్రోగ్రెసివ్ రాక్ అంటరు దీన్ని."

"గంత పేరా! ఇగ పిల్లనెవరిస్తరు?"

మా తాత ఒగ్గు కథకుడు. డోలు, తాళాల నడుమ నిలబడి తెల్లవార్లూ కథ చెప్పేవాడు. తొగుట చుట్టుపక్కల ఆయన గొంతు ఎరుగని ఊరు లేదని నేను ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. ఆ రోజు ఆయన గోడకు ఆనుకొని, చుట్ట పక్కన పెట్టి, చెవి ఒగ్గాడు.

పాట మొదలైంది... అంతా ఇంగ్లీషు. గిటారు మెల్లగా నడిచి, హఠాత్తుగా ఉరికి, మళ్లీ తగ్గేది. ఆశ్చర్యమేమిటంటే, దరువు మారిన ప్రతిసారీ తాత తనకు తెలియకుండానే "ఆ..." అంటూ వంత పలికాడు.

"ఇది ఎల్లమ్మ కథ గదరా! రేణుక నీళ్లకు పోతున్నది."

చిన్నాయిన ముఖం వెలిగిపోయింది. "నువ్వు చెప్పిందే బాపు. దాంతోని మన దొరల గడి కాలం ముచ్చట గూడ కలిపిన. ఒకటి పురాణం, ఒకటి చరిత్ర."

"గడి ముచ్చటా? ఏది?"

చిన్నాయిన క్యాసెట్ బయటకు తీశాడు. రెండో వైపు తిప్పి పెట్టాడు.

క్యాసెట్ పెట్టెలో వచ్చిన, పాట సాహిత్యం రాసిన కాగితం నా చేతిలో ఉంది. నేను తొమ్మిదో తరగతి. ఇంగ్లీషులో తరగతికి మొదటివాడిని... ఆ గర్వం ఊరకే కూర్చోనిస్తుందా?

"ఏమంటుండురా వాడు? చెప్పు" అన్నాడు తాత.

"వద్దు బాపు, ఊకె పాటనే..." అని చిన్నాయిన నా చేతిలోని కాగితం కోసం చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు. చదివి చెప్పడం మొదలుపెట్టాను.

గడిలో వెట్టికి రానన్న ఒక తల్లి... ఆమెను వెతుకుతూ ఇంటికి వచ్చిన దొర మనుషులు... 'మీ అవ్వ ఏడున్నది?' అని అడిగితే, భయపడిన తండ్రి 'చెప్పు కొడుకా' అన్నాడు... వడ్లు పోసే గుమ్మి వెనుకకు వేలు చూపిన ఏడేళ్ల కొడుకు... ఆ సాయంత్రం మంచం మీద శవమై తిరిగి వచ్చిన తల్లి... ఆమె పేరు పోసవ్వ.

పోసవ్వ... తాతను కన్నతల్లి పేరు.

అవ్వ చేతిలోని చేట జారింది. నలభై ఏళ్లు కాపురం చేసిన ఆమెకే ఈ సంగతి తెలియదు! ఎన్నడో కల్లు తాగిన పూట తాత ఒక్క చిన్నాయినకే చెప్పుకొన్నాడట.

టేప్ మాత్రం ఆగలేదు. తండ్రి ఆజ్ఞ మీద పరశురాముడు తల్లి తల నరికే ఘట్టం... ఒక్క పెద్ద దరువు. అంతే... బొత్తాం టక్కున పైకి లేచింది.

తాత అరుస్తాడనుకున్నాను. కొడతాడనుకున్నాను.

"తర్వాత?" అన్నాడు.

"అయిపోయింది బాపు."

"అయిపోవుడేంది? తల తెగినకాడ కథ ఆపుతరారా? వాన వచ్చినా, దీపమారినా, తల్లిని లేపి మంగళం పాడినంకనే డోలు దించాలె. ఆ డబ్బాల నా తల్లిని పీనుగును చేసి పండవెట్టినవ్."

చిన్నాయిన కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా తగ్గలేదు. "రేణుకను వరమిచ్చి లేపిన్రు బాపు. మీ అవ్వను ఎవలు లేపిన్రు? నేను అబద్ధమెట్ల పాడాలె?"



"అది అబద్ధమని నాకు తెల్వదారా?" అన్నాడు తాత. "నలభై ఏండ్ల సంది ఊరూర నేను లేపుతున్నది ఎవలననుకున్నవ్?"

ముప్పై ఏళ్లకు పైగా తెలుగు బోధించాను. 'నిర్ఘాంతపోవడం' అనే మాటకు పిల్లలకు ఎన్నో ఉదాహరణలు చెప్పాను. ఈ ఉదాహరణ మాత్రం ఎన్నడూ చెప్పలేకపోయాను.

తాత లేచి, లోపలి నుంచి డోలు తెచ్చి చిన్నాయిన ముందు పెట్టాడు. "వాయించు."

మిట్టమధ్యాహ్నం... పందిరి లేదు, ముగ్గుతో వేసిన పట్నం లేదు, చూసే జనం లేరు. తాత నిలబడి, తెగిన తలను మొండేనికి అతికించే ఘట్టం ఎత్తుకొన్నాడు. "లేవమ్మా..." అన్నాడు. ప్రతిసారీ ఆ తర్వాత వచ్చే పేరు రేణుక. ఆ రోజు మాత్రం... "లేవమ్మా, పోసవ్వా" అన్నాడు.

చిన్నాయిన డోలు తడబడింది. నిలదొక్కుకొని, "ఆ..." అని వంత పలికాడు. అవ్వ కొంగు నోట కుక్కుకొంది. నేను ఆ కాగితాన్ని ఏం చేయాలో తెలియక, మడతల మీద మడతలు పెడుతూ ఉండిపోయాను.

మంగళం పాడిన తర్వాతే తాత కూర్చొని మంచినీళ్లు అడిగాడు.

ఇప్పుడు ఫోనులో పాట నచ్చకపోతే పది క్షణాలు కూడా ఆగకుండా వేలితో పక్కకు నెట్టేస్తున్నాం... ఎవరి కథ ఎక్కడ తెగిందో చూడటం లేదు.

మీ ఇంటి పెద్దలు కూడా ఏదో ఒక కథను విసుగు లేకుండా మళ్లీ మళ్లీ చెప్పే ఉంటారు. అదేమిటో రాయండి, చదువుతాను... ఆ కథను వారు ఎవరి కోసం చెప్పేవారో, ఎన్నడైనా అడిగారా?