బెల్టు చివరి జానెడు

పలాసలో ఎవరు పాత బండి కొనాలన్నా లోకనాథాన్ని వెంటబెట్టుకు వెళ్తారు. బానెట్ కింద చూడటం అయ్యాక ఆయన చెప్పులు విప్పి లోపల కూర్చుని, తలుపులు మూయించి, కళ్లు మూసుకుని వాసన చూస్తాడు. తర్వాత సీటు బెల్టును చివరిదాకా లాగుతాడు. వరదలో మునిగిన బండిని ఎంత కడిగినా ఆ చివరి జానెడు మీద బురద మరక ఉండిపోతుంది. మరక కనబడితే ఆయన ముఖం తేటపడుతుంది. వద్దనడం సులువు. బాగుందనడమే భయం, ఆ మాట నమ్మి పిల్లాపాపలతో ఎక్కుతారు కదా.

ఈసారి పూండిలో చూసిన ఎస్‌యూవీ బావ తిరుపతిరావు కోసం. వారానికి మూడుసార్లు అతని భార్యను, లోకనాథం చెల్లెలు వసంతను డయాలసిస్‌కి టెక్కలి తీసుకెళ్లాలి, దారిలో ఆగకూడదు. లోకనాథం అయిదు బెల్టులూ రెండేసిసార్లు లాగాడు. ఎక్కడా మరక లేదు. మళ్లీ మొదటి బెల్టు అందుకున్నాడు.

"ఏటి బావా, తెంపేత్తావేటి? బాగుందా నేదా సెప్పు!" అన్నాడు తిరుపతిరావు.

"బాగానే ఉంది," అన్నాడు.

సోమవారం వసంత ఎక్కేసరికి లోకనాథం ముందు సీట్లో, బెల్టును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వెందుకన్నియ్యా?"

"మాటాడకమ్మా, ఇంజిన్ ఇంటన్నాను."