పాప మీద వేసిన ఒట్టు

నా కూతురికి ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, నాకు కాళ్లూ చేతులూ ఆడవు. ఏ తండ్రికైనా భయమేగా అంటారు మీరు. కాదండీ, నా భయం వేరు. ఏళ్ల తరబడి మోస్తున్నాను. కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి చెబుతున్నాను.

సత్తెనపల్లిలో నాకు పురుగుమందుల కొట్టుంది. ఆదివారాలు వాడరేవులో గది తీసుకుని నలుగురం పోకర్ ఆడేవాళ్లం. అందులో మస్తాన్ నా చిన్ననాటి నేస్తం. సొంత వ్యాన్‌లో గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, తోలేవాడు.

ఆ మధ్యాహ్నం నా చేతికి ఆసూ రాజూ వచ్చాయి. మీసం మెలేసి పందెం పెంచాను. ఇద్దరు ముక్కలు పడేశారు, మస్తాన్ ఒక్కడే మిగిలాడు. మధ్యలో మూడు ముక్కలు తిప్పారు, ఫ్లాప్ అంటారే, అది. ఎనిమిది, తొమ్మిది, పది. నా ముక్కలతో జత కలిసేది ఒక్కటీ తగల్లేదు.

అలాంటప్పుడు ఇంకా పెంచాలా, ఆగాలా? నాకు తెలుసండీ. పొంతన లేని ముక్కలు పడి ఎదుటివాడు బెదిరేలా ఉంటే ఇంకోసారి పెంచొచ్చు. ఇలా వరసగా పడితే వాడికే ఏదో తగిలుంటుంది, చేతులు కట్టుకు కూర్చోవాలి. తెలిసీ పెంచాను. వాడు కదల్లేదు. నాలుగో ముక్కా పనికిరాలేదు, మళ్లీ పెంచాను. ఐదోదీ అంతే. అప్పటికే నేను పెట్టినదాంట్లో కొట్టు సరుకు డబ్బులున్నాయి, అవి పోతే ఇంట్లో ఏం చెప్పాలిరా దేవుడా అని చచ్చేంత భయమేసి, ఉన్నదంతా ముందుకు నెట్టాను.

మస్తాన్ నా మొహంలోకి చూశాడు.

"ఒరేయ్ బావా, నిజం చెప్పు. నీకు తగిలిందా?"

"తగిలింది."

"ఒట్టు?"

"మా పాప మీద ఒట్టు."

అప్పటికి పాపకి మూడేళ్లు.

వాడు మధ్యలో ఉన్న పదితో జత కలిసిన తన పదిని తిప్పి చూపించి పడేశాడు. "పాప మీద ఒట్టేశాక ఇంకేముందిరా" అని నవ్వాడు కూడా. నేను నా ముక్కలు చూపించకుండా పేకలో కలిపేశాను.

ఆ కుప్పలో వాడి వ్యాన్ కిస్తీ డబ్బులున్నాయి. అదీ నాకు తెలుసు. తిరిగి ఇచ్చేయొచ్చుగా? ఇస్తే ఎందుకని అడుగుతాడు. కొన్నాళ్లకి ఫైనాన్సువాళ్లు బండి పట్టుకుపోయారు. ఇప్పుడు పొదిలిలో ఎవరిదో బండి తోలుతున్నాడు.

పేకాటలో అబద్ధం తప్పు కాదంటారు. మరి ఒట్టు? వాడు నా పందేన్ని నమ్మలేదు, నా పిల్లని నమ్మాడు. దేవుడు దీన్ని ఆట కింద లెక్కేస్తాడా? వేయకపోతే ఆ కోపం ఎవరి మీద తీర్చుకుంటాడు, నా మీదా, పాప మీదా?

మొన్న వానల్లో పాపకి డెంగ్యూ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్నారు. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎవరు చెప్పారో ఏమో, మస్తాన్ పొదిలి నుంచి పరిగెత్తుకొచ్చి, చొక్కా చెయ్యి మడిచి, "నా రక్తం తీసుకోండి" అన్నాడు. అక్కడే వాడి కాళ్ల మీద పడాలనిపించింది. చెబితే వెనక్కి తిరిగి వెళ్లిపోతాడేమో. వాడి రక్తం కావాలి కాబట్టి నోరు మూసుకున్నాను.

పాప కోలుకుంది. నా భయం అలాగే ఉంది. చిన్నప్పుడు "ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అనేవాళ్లం. తీయాల్సినవాడు వాడు, అడగాల్సినవాణ్ణి నేను. ఆ ధైర్యం ఇవాళ్టికీ రాలేదు. కానీ ఒక్కసారైనా ఈ మాట నా నోటి వెంట బయటికి రావాలి, మీ ముందైనా సరే.

నా చేతిలో ఏమీ లేదురా, మస్తాన్.