సరిహద్దుకు పంపిన డబ్బా

మా నలుగురు దోస్తులకూ జడ్చర్ల మందుల ఫ్యాక్టరీలోనే ఉద్యోగాలు. షిఫ్టులు మారుతూ ఉండేసరికి అందరం ఒకచోట కూర్చోవడమే గగనం. అలాంటిది ఒకసారి అందరికీ కలిపి సెలవులు దొరికాయి. కారు వేసుకుని సిక్కింలోని నాథులా కనుమ దాకా పోదాం, కొండ మీద నిలబడి అవతలి చైనాను చూసొద్దాం అని బయల్దేరాం.

కారు గల దోస్తు చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే, మా ఎదురింటి చిన్నమ్మ వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఇటు మైసమ్మ, అటు యేసయ్య, ఇక మనకేం ఫికరని నవ్వుకున్నాం. చిన్నమ్మంటే రక్తసంబంధం కాదు, వాడకట్టు వరస. పత్తి చేలల్లో కూలి చేసి ఒక్క కొడుకును చదివించుకుంది. ఆ కొడుకు మిలట్రీలో చేరాడు.

ప్రార్థన అయ్యాక కొంగు చాటు నుంచి ఒక స్టీలు డబ్బా తీసి నా చేతికిచ్చింది.

"మావోడు గా చైనా దిక్కే ఉన్నడు బిడ్డా. మీరు పోయేది గాడికే గద. రొట్టెలు చేసిన, జర వానికియ్యుండ్రి. ఫోను కలుస్తలేదు, మీరొస్తున్నరని చెప్పనీకి గూడ రాలే."

"ఇస్తం చిన్నమ్మా, గదెంత పని" అన్నాను.

నిజంగానే అదెంత పని అనుకున్నాను. సరిహద్దంటే మా బుర్రలకు జడ్చర్ల బస్టాండంత జాగా. ఒక గేటుంటుంది, గేటు దగ్గర సిపాయిలుంటారు, వాళ్ళలో మావాడుంటాడు. ఊళ్ళో ఎవరినైనా పట్టుకోవాలంటే బస్టాండుకు పోయి పేరు చెబితే చాలదా! చదువుకున్న నలుగురు మగాళ్ళం, అడ్రసు అడగాలని ఒక్కడికీ తోచలేదు.

గ్యాంగ్‌టక్‌లో మా కారు వదిలేసి, అక్కడి జీపులో పైకెక్కాం. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. అయినా నేను డబ్బా చంకలో పెట్టుకుని, కనబడిన సిపాయినల్లా మా హైదరాబాదీ హిందీలో అడిగాను. చివరికి ఒక పెద్దాయన, మీసాల సిపాయి, ఓపికగా విన్నాడు. సరిహద్దు చాలా పొడుగు, మీవాడు ఏ కొండ మీదున్నాడో ఇక్కడ ఎవరు చెబుతారు, వాళ్ళమ్మను అడిగి అడ్రసు తెలుసుకుని కింద పోస్టులో వేయండి, ఆలస్యమైనా చేరుతుంది అన్నాడు. చేతిలో డబ్బా చూసి, "మా అమ్మ కూడా ఇలాగే పంపుతుంది" అని నవ్వాడు.

మంచి మాటే చెప్పాడు. కానీ అడ్రసు కోసం చిన్నమ్మకు ఫోన్ చేస్తే, ఇవ్వలేకపోయామని ఒప్పుకోవాలి. రేపు చేద్దాం అనుకున్నాం. తెల్లారి, సిలిగురి పోయాక చేద్దాం అనుకున్నాం.

సిలిగురి దారిలో వానకు కొండ విరిగి రోడ్డు మీద పడింది. ముందూ వెనకా బండ్ల బారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలిక లేదు. దొరికిందల్లా నూడుల్సు, అవి అప్పటికే మాకు ముఖం మొత్తాయి. డబ్బా నా ఒళ్ళోనే ఉంది.

"వానకు రొట్టెలు మెత్తగైతయ్‌రా. చేరేసరికి ఖరాబే" అన్నాడు ఒకడు.

అంతే, మాకు కావలసిన మాట దొరికింది. మూత తీశాం. కడక్ జొన్నరొట్టెలు, పల్లికారం, అడుగున నువ్వుల ముద్దలు. ఆకలి రుచెరుగదు, వలపు సిగ్గెరుగదు అంటారు. మా ఆకలి రుచిని బాగానే ఎరిగింది, సిగ్గునే ఎరగలేదు. తిన్నంతసేపూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని మా ఇళ్ళల్లో పట్టింపు. ఎవరింటి గిన్నె అయినా కాస్త చక్కెరో, నాలుగు పండ్లో వేసే పంపుతాం. అందుకని మావాళ్ళు డబ్బా కడిగి, గ్యాంగ్‌టక్‌లో కొన్న పెద్ద ఇలాచీలు అందులో పోశారు. తల్లి తిండి తినేసినవాళ్ళకు గిన్నె మర్యాద మాత్రం గుర్తుంది!

ఇంటి ముందు కారు ఆగీ ఆగకముందే చిన్నమ్మ తడి చేతులతో ఉరికొచ్చింది.

"కలిసిండా బిడ్డా? ఇచ్చిండ్రా?"

"ఇచ్చినం చిన్నమ్మా" అన్నాడు స్టీరింగు ముందున్న దోస్తు, ఆమె వైపు చూడకుండానే.

ఆమె డబ్బా మూత తీసింది. "గివేంది? మావోడు పంపిండా?"

నేను అవునన్నాను. అక్కడితో ఊరుకుంటే నేనెందుకవుతాను? "జర లావైండు గూడ" అన్నాను. ఆమె ముఖం చాటంతయింది. ఆ ఆదివారం చర్చిలో అందరికీ పిడికెడేసి ఇలాచీలు పంచి, నా కొడుకు సరిహద్దు నుంచి పంపాడని చెప్పుకుంది. మా ఇంటికీ తెచ్చిచ్చింది. మా ఆవిడ వాటిని చాయ్‌లో వేస్తే, ఆమె చూడకుండా గ్లాసు పెరట్లో పారబోశాను.

కొన్నాళ్ళకు నాకో కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. చిన్నమ్మ కొడుకు.

"అన్నా, అమ్మతోని ఇప్పుడే మాట్లాడిన. నువ్వు పంపిన ఇలాచీలు మస్తున్నయ్ బిడ్డా అన్నది. నేను ఊ అన్న. ఏం ఇలాచీలన్నా?"

దాచలేకపోయాను. ఉన్నదంతా చెప్పేశాను. తిడతాడని చూశాను. తిట్టినా బాగుండేది.

"సరే అన్నా" అన్నాడు. "అమ్మకు మాత్రం చెప్పకు. సంబురంగున్నది. మళ్ల ఫోన్ల అడుగుతది. డబ్బాల ఏమేం పెట్టిందో జర చెప్పు, నేను తిన్నట్టే చెప్త."

ఒక్కొక్కటే చెప్పాను. ప్రతిదానికీ ఊ కొట్టాడు, పాఠం బట్టీ పట్టే పిల్లాడిలా.

"పల్లికారంల ఎల్లిపాయలు ఎక్కువేసిందా అన్నా? నాకు గట్లనే ఇష్టం. గదైతే తప్పకుండ అడుగుతది."

"ఎక్కువే వేసింది తమ్మీ" అన్నాను.

ఆ సంగతి నాకు బాగా తెలుసు. డబ్బా అడుగంటా వేలితో తుడుచుకుని నాకింది నేనే.