అంచు మీది గాటు

మొన్న సొరుగు సర్దుతుంటే ఎర్ర బిళ్ల ఒకటి జారి బల్ల మీద పడింది. ప్లాస్టిక్‌లా టక్కుమనలేదు. ఎండిన మట్టిపెళ్ల రాలినట్టు మొద్దుగా చప్పుడైంది. బ్రాడీపేటలో జోసెఫ్ మాస్టారి ముందుగది మొత్తం ఆ చప్పుడులోనే ఉంది.

ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. క్యాసినోల్లో డబ్బుకు బదులు పెట్టి ఆడే పోకర్ చిప్‌లు సేకరించేవారు. ఆదివారం చర్చి తప్పని మనిషి, పేకముక్క ముట్టని మనిషి. "జూదం ఎవడిక్కావాలయ్యా! వీటిని చేసినవాడి చెయ్యి చూడాలి నేను" అనేవారు. ఒకే రకం చిప్‌లలో కూడా ఒక విడతకు రంగు ఎక్కువ కలుస్తుంది, ఒక విడతకు బంగారు అక్షరాలు పక్కకు జరుగుతాయి. ఆ తేడాల కోసమే ఆయన వెతుకులాట. నేను మిర్చి యార్డులో కాయ నాణ్యత చూసే గుమాస్తాని. ఆయన ఇంటికి వెళ్లిన మొదటిరోజే రెండు చిప్‌లు నా చేతిలో పెట్టి కళ్లు మూసుకోమన్నారు.

"కళ్లు మూసుకుని ఏం చూడనండీ?"

"బస్తాలో చెయ్యిపెట్టి తేమెంతో చెప్తావే, ఆ వేళ్లేమయ్యాయి? అంచు తడుము."

ఒకటి పదునుగా, ఇంకోటి కాస్త గుండ్రంగా తగిలింది. "అచ్చు మారిందండీ" అన్నాను. ఆయన లేచి వచ్చి నా చేతులు పట్టుకున్నారు. నా పనికి అంత మర్యాద అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. అందుకే తర్వాత అన్న మాట అంత లోతుగా దిగింది.

ఏళ్ల తర్వాత ఒక ఆదివారం ఈ ఎర్ర చిప్ తీసుకెళ్లాను. ఆ రకం మామూలుగా లేత ఎరుపు, ఇది ముదురు. రంగు ఎక్కువ కలిసిన విడతలోదని గర్వంగా చెప్పాను. ఆయన స్నేహితులు నలుగురు కూర్చుని ఉన్నారు. మాస్టారు దాన్ని కిటికీ వెలుగులో తిప్పి చూసి నవ్వారు.

"యార్డు బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు! మెరుపు కోసం కాయకు పూసినట్టు రంగు ముదరాలని దీనిక్కూడా నూనె పూశావా?"

నలుగురూ నవ్వారు. నేను పూయలేదు. కాయకు కూడా ఏనాడూ పూయలేదు. చిప్ అక్కడే వదిలేసి వచ్చాను. ఆ నలుగురి ముందే మాట వెనక్కి తీసుకోవాలని ఉత్తరం రాశాను. జవాబు రాకపోతే మళ్లీ రాశాను.

ఏడాదికి ఆయన కూతురు రూతు స్కూటర్ మీద వచ్చింది.

"నాన్న ఒక్కసారి రమ్మంటున్నారు బాబాయ్. ఏదో చూపించాలంట."

"నన్ను అన్నది నలుగురిలో. ఆయన్నే రమ్మను."

"మెట్లు దిగలేకపోతున్నారు బాబాయ్."

"రెండు ముక్కలు రాయడానికి మెట్లు దిగక్కర్లేదుగా?"

రూతు బండి తిప్పుకుని వెళ్లిపోయింది.

రెండు నెలలకు ఆయన భూస్థాపనకు వెళ్లాను. సమాధుల తోట గేటు దగ్గర రూతు ఒక కవరు ఇచ్చింది. లోపల నా చిప్, మాస్టారి చేతిరాతతో ఒక చీటీ: "సూదితో అంచు గీకి చూశాను. లోపలిదాకా ఇదే రంగు. నూనె కాదు, పొరపాటు నాది."

"నేను మీ కోసం వచ్చిన రోజు ఆ నలుగురినీ పిలిపించి కూర్చోబెట్టారు బాబాయ్" అంది రూతు. "మీకు ముందే చెప్పొద్దన్నారు. అందరి ముందూ తానే చెప్తానన్నారు."

రాసి ఒప్పుకున్నారు గానీ నోటితో అనలేదు. ఆ ఫిర్యాదు నాకు ఇంకా ఉంది, వినేవాళ్లే లేరు. ఇప్పటికీ ఏ చిప్ చేతికొచ్చినా కళ్లు మూసుకుని అంచు తడుముతాను. తేడా తగిలితే "మాస్టారూ, చూడండి" అని నోటిదాకా వస్తుంది. ఈ ఎర్ర చిప్‌ను మాత్రం తడమక్కర్లేదు. ఆయన సూది దిగిన చోటికి నా వేలు దానంతటదే వెళ్లి ఆగుతుంది.