మూడు వాగుల దూరం

ఖమ్మంలో మా కంపెనీ శిక్షణ గదిలో ఆ రోజు ఉన్నవి: ప్రొజెక్టరు ఒకటి, తెల్లబోర్డు ఒకటి, కొత్తగా చేరిన ఉద్యోగులు పద్నాలుగు మంది, టీకాలు వచ్చిన థర్మకోల్ పెట్టె ఒకటి, వాళ్లకు సప్లై చైన్ గురించి పాఠం చెప్పాల్సిన నేను. పెట్టె మూత తీయగానే కరుగుతున్న ఐసు, తడిసిన థర్మకోల్ కలిసిన వాసన వచ్చింది. సరుకు ఎవరి చేతికి ఎప్పుడు చేరాలో చెప్పబోయినవాణ్ని పెట్టె మూత మళ్లీ మూసేశాను. ఆ పాఠం నాకు నేర్పిన మనిషి జోగయ్య. ఆయన పేరు మా కంపెనీ కాగితాల్లో ఇప్పుడు ఒక్కచోటే ఉంది, ఉద్యోగం నుంచి తీసేసిన ఉత్తర్వులో.

మాది పశువుల మందుల కంపెనీ. ఇంజనీరింగ్ అయ్యాక వైరా నుంచి వచ్చిన నన్ను భద్రాచలం అడవి అంచున ఉన్న గోదాముకు పంపారు. అక్కడ సరుకు పంపించే పని జోగయ్యది. అడవి ఊళ్లో పుట్టినవాడు, యాభై ఏళ్లుంటాయి, హమాలీగా చేరి ఆ కుర్చీ దాకా వచ్చాడు. మొదటి వారం ఊళ్ల పట్టిక తయారు చేస్తూ చివరి ఊరు ఎంత దూరమని అడిగాను.

"మూడు వాగులు," అన్నాడు.

"కిలోమీటర్లలో చెప్పు జోగన్నా."

"కిలోమీటర్లు ఎండకాలానికి సారూ. వానలు పడ్డంక వాగులే లెక్క. మీ వైరా దిక్కు కాల్వకు గేట్లుంటయ్. మా వాగుకు ఎవడు పెట్టిండు గేటు?"

తొలకరికి ముందే పశువులకు గొంతువాపు టీకా పడాలి. లేకపోతే రోగం తగిలిన ఎద్దు రెండు రోజులు కూడా నిలవదు. అందుకే ఆయన రోహిణి ఎండల్లోనే టీకాలు పంపేసేవాడు. మూడో వాగు అవతలి కిరాణా కొట్టు ఫ్రిజ్‌లోంచి కూల్‌డ్రింకులు తీయించి, టీకాలకోసం ఒక అర ఖాళీ చేయించేవాడు. నా పట్టిక ప్రకారం అదంతా తప్పు. నలభై కిలోమీటర్లు, ఒక్కరోజు ప్రయాణం. అడిగినప్పుడు పంపితే చాలు, ముందు పంపేదంతా ఊరికే పడి ఉండే సరుకు. ఖమ్మంలో మేనేజరుకు నా లెక్క తెగ నచ్చింది.

"కూల్‌డ్రింకుల పక్కన టీకాలేందయ్యా? మనది కంపెనీనా, కిరాణా కొట్టా?" అని ఫోన్లో అందరికీ వినపడేలా నవ్వాడు.

జోగయ్య నవ్వలేదు. "అడిగినప్పుడు పంపుదామంటున్రు. వాళ్లు అడుగుతరు సారూ. వాగు ఒప్పుకోవాలె గద?"

ఆ ఏడాది ముందస్తు పెట్టెలు ఆపేస్తూ నేనే సంతకం చేశాను. ఏటా వచ్చినట్టే వస్తాయని ఊరివాళ్లు ఎదురుచూశారు.

వాన వారం ముందే దిగింది. టీకాలు కావాలని ఊరి నుంచి ఫోను వచ్చిన గంటలో బండి కదిలింది. ఆ గంటను రిపోర్టులో సకాలమని పచ్చరంగు వేసి చూపించారు. బండి మాత్రం రెండో వాగు దగ్గర మూడు రోజులు నిలబడిపోయింది, ఐసు నీళ్లయింది. నాలుగో రోజు నేనూ జోగయ్యా కొత్త పెట్టెతో ఊరు చేరాం. ఒక ముసలమ్మ ఖాళీ కొట్టంలో కూర్చుని ఉంది. "గిప్పుడెందుకు తెచ్చిన్రయ్యా? చచ్చినదానికి సూదేస్తరా?" అంది.

జోగయ్య నన్ను తిట్టలేదు. నా జేబులోని పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు. "ఇల్లిల్లూ తిరిగి రాసుకో సారూ. లిస్టులంటే నీకు పాణం గద."

తిరిగాను. ఇంటాయన పేరు, చచ్చిన ఎద్దు రంగు, ఎన్నేళ్లది, అన్నీ రాశాను.

మేనేజరు ఆ నష్టాన్ని ప్రకృతి వైపరీత్యమని రాశాడు. ఏటా వచ్చే వాన వైపరీత్యమెట్లా అవుతుంది? పైగా ఐసు చూసుకోలేదని జోగయ్యను తీసేశారు. ఆగిపోయిన ఆ బండిలో ఆయన లేనే లేడు. నిల్వలు తగ్గించినందుకు నాకు మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. పత్రం అందుకుని నమస్కారం కూడా పెట్టాను.

ఇప్పుడు నేను వేసే ప్రతి పట్టికలో కిలోమీటర్ల పక్కన వాగుల గడి ఉంటుంది. ముందస్తు పెట్టెలు దండగని ఏ పెద్దమనిషి అన్నా ఆ ఊళ్లో రాసిన లిస్టు ఆయన ముందు పెడతాను. ఇళ్లు పదిహేడు. ఎడ్లు ఇరవై తొమ్మిది.